గేటు దగ్గర వేయించుకున్న ముద్ర: ఆగిపోయిన బిల్లు డబ్బులు రాబట్టుకోవడం ఎలా

హైదరాబాద్ జీడిమెట్లలో మాది అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్. మెషీన్లు మా ఆయన చూసుకుంటారు. బిల్లులు, బ్యాంకు, వసూళ్లు నావి. పదహారేళ్లుగా ఇదే పని. మూడు ప్లై, ఐదు ప్లై (పొరల) పెట్టెలు చేసి మందుల కంపెనీలకి, మసాలాలు ప్యాక్ చేసేవాళ్లకి, మోటారు విడిభాగాలవాళ్లకి ఇస్తాం. మాకు క్రాఫ్ట్ పేపర్ రీళ్లు వేసే మిల్లు ముప్పై రోజులు దాటితే తర్వాతి లోడు ఆపేస్తుంది. మా దగ్గర పెట్టెలు కొనేవాళ్లు తొంభయ్యో రోజున ఇస్తే మంచివాళ్ల కింద లెక్క. మధ్యలో ఉన్న ఆ అరవై రోజులూ బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) మీద నెట్టుకొస్తాం. ఒక ఏడాది నా గాజులు కూడా తాకట్టుకి వెళ్లాయి.

2023లో ఒక మందుల కంపెనీ దగ్గర మావి పదకొండు బిల్లులు ఆగిపోయాయి. మొత్తం 6,40,000 రూపాయలు. చివరికి అసలంతా వచ్చింది, వడ్డీ కొంత వచ్చింది. ఎలా వచ్చిందో, ఎక్కడ నేను తప్పు చేశానో, మళ్లీ చేయాల్సి వస్తే ఏం చేస్తానో ఇక్కడ రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. పెద్ద మొత్తమైతే లాయర్ని తప్పకుండా కలవండి. కానీ లాయరు అడిగే కాగితాలు మన దగ్గర ఉండాలి కదా, ఆ కాగితాల గురించే ఎక్కువ చెప్తాను.

ముందు ఉద్యమ్ నంబరు

ఉద్యమ్ అంటే ఎంఎస్‌ఎంఈలకి, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకి, కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్. చిన్న ఉత్పత్తిదారుకి ఇవ్వాల్సిన డబ్బు ఆలస్యం చేస్తే వడ్డీ కట్టాలని 1993లోనే ఒక చట్టం వచ్చింది. దాన్ని తీసేసి ఇంకా గట్టిగా 2006లో ఈ సంస్థల కోసం ఎంఎస్‌ఎంఈడీ చట్టం తెచ్చారు. మనకి పనికొచ్చేది అందులో 15 నుంచి 24 దాకా ఉన్న సెక్షన్లు. ఇవి సూక్ష్మ, చిన్న యూనిట్లకే. మధ్యతరహా వాళ్లకి లేవు. 2025 ఏప్రిల్ 1 నుంచి లెక్క ఇది: పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్ల లోపైతే సూక్ష్మ, పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల లోపైతే చిన్న. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి షెడ్లలో ఉన్నవాళ్లలో చాలామంది ఇందులోకే వస్తారు. సరుకు కొని అమ్మే వ్యాపారులకి 2021 నుంచి ఉద్యమ్ నంబరు ఇస్తున్నారు గానీ అది బ్యాంకు రుణాల కోసమే. ఆలస్యపు చెల్లింపుల రక్షణ వాళ్లకి వర్తించదు. వాళ్లకి వేరే దారి ఉంది, కింద చెప్తాను.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై 1 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితం. మీసేవ పక్కన కూర్చుని రెండు వేలు, మూడు వేలు అడిగేవాళ్లకి ఇవ్వకండి. ఆధార్, పాన్, జీఎస్టీ నంబరు ఉంటే ఇంట్లో కూర్చుని అరగంటలో అవుతుంది.

ముఖ్యమైన సంగతి: మొదటి పీవో (కొనేవాళ్లు ఇచ్చే పర్చేజ్ ఆర్డర్) రాకముందే రిజిస్టర్ అయి ఉండండి. ఒప్పందం కుదిరిన రోజుకి సప్లయర్‌గా నమోదై లేనివాళ్లు తర్వాత నమోదు చేసుకుని పాత బిల్లులకి ఈ చట్టం వాడుకోలేరని 2022 అక్టోబర్ 31న మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో ఇద్దరు జడ్జీల ధర్మాసనం వేరేగా ఆలోచించి, ప్రశ్నని పెద్ద ధర్మాసనానికి పంపింది. ఆ వాదనలో మన బిల్లు చిక్కుకోకుండా ఉండాలంటే ముందే నమోదు కావడం ఒక్కటే దారి. నంబరు వచ్చాక ప్రతి ఇన్‌వాయిస్ మీద, ప్రతి చలాన్ (సరుకుతో పాటు వెళ్లే డెలివరీ కాగితం) మీద అచ్చు వేయించండి. "మీరు ఎంఎస్‌ఎంఈ అని మాకు తెలీదు" అనే మాట చాలా కంపెనీల అకౌంట్స్ వాళ్ల నోట విన్నాను. కాగితం మీద ఉంటే ఆ మాట రాదు.

గేటు దగ్గర

నా కేసు గెలిచినా, ఓడినా ఇక్కడే. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

చట్టం రోజులు లెక్కపెట్టేది బిల్లు తేదీ నుంచి కాదు, సరుకుని వాళ్లు అంగీకరించిన రోజు నుంచి. అంగీకారం అంటే వాళ్లు ఉత్తరం రాయక్కర్లేదు. సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. ఫోన్లో "పెట్టెలు బాలేవమ్మా" అంటే అది అభ్యంతరం కిందకి రాదు, రాతలో ఉండాలి. అంటే సరుకు ఏ తేదీన అందిందో మనం రుజువు చేయగలగాలి. ఆ రుజువు మా డ్రైవరు చేతిలో ఉంటుంది.

మా చలాన్ పుస్తకంలో మూడు ప్రతులు: తెలుపు, గులాబీ, పసుపు. తెలుపు కంపెనీకి, గులాబీ లారీకి, పసుపు పుస్తకంలోనే. గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టర్‌లో రాసుకుని ఇన్‌వర్డ్ నంబరు ఇస్తాడు, ఊదారంగు సిరాతో ముద్ర వేస్తాడు. ముద్రలో తేదీ చక్రం ఉంటుంది. చాలా చోట్ల ఆ చక్రం అరిగిపోయి నెల కనిపించదు, ఏడాది సగమే పడుతుంది. అప్పుడు డ్రైవరు పెన్నుతో పక్కన తేదీ, టైము రాయించి, రాసినతని పేరు, సంతకం తీసుకోవాలి. ఆ తర్వాత స్టోర్స్‌లో సరుకు లెక్కపెట్టి దించుకున్నాక రెండో ముద్ర. గేటు ముద్ర సరుకు లోపలికి వెళ్లిందని చెప్తుంది, స్టోర్స్ ముద్ర ఎన్ని పెట్టెలు దిగాయో చెప్తుంది. రెండూ కావాలి.

నా పదకొండు చలాన్లలో తొమ్మిదింటికి రెండు ముద్రలూ ఉన్నాయి. మిగిలిన రెండూ రాత్రి తొమ్మిది దాటాక వెళ్లిన లోడ్లు. స్టోర్స్ మూసేశారట. సెక్యూరిటీ అతను "దించి వెళ్లు, పొద్దున ముద్ర వేసి పంపిస్తాం" అన్నాడట. మా డ్రైవరు నమ్మి వచ్చేశాడు. ముద్ర రాలేదు, మేమూ వెంటపడలేదు. పని ఒత్తిడిలో ఒక కాగితం కోసం మళ్లీ ఎవరు వెళ్తారు? ఆ రెండు బిల్లులే 1,18,000.

ఇంకో అలవాటు ఇప్పుడు చేసుకున్నాం, మొదట్నుంచీ ఉండాల్సింది. ప్రతి లాట్ నుంచి ఒక పెట్టె మా దగ్గరే ఉంచి, దాని మీద లాట్ నంబరు, తేదీ రాసి, పొడిగా ఉండే చోట అటక మీద పెడతాం. బర్స్టింగ్ టెస్టు (అట్ట ఎంత ఒత్తిడికి చిరుగుతుందో చూసేది) చేసి ఆ కాగితం పెట్టెకే అంటిస్తాం. ఎందుకంటే అట్టపెట్టెల మీద వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: పెట్టె మెత్తబడింది, బరువు ఆగలేదు అని. వానాకాలంలో తడి నేల మీద పెట్టి నెలలు ఉంచితే ఏ పెట్టెయినా మెత్తబడుతుంది. మన దగ్గర అదే లాట్ పెట్టె గట్టిగా ఉందని చూపించగలిగితే మాట మారుతుంది.

రోజులు, వడ్డీ

రాతపూర్వక ఒప్పందం లేకపోతే అంగీకారం నుంచి 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఒప్పందం ఉంటే అందులో రాసిన తేదీకి, కానీ ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకూడదు. పీవో మీద 90 రోజులని రాసి మన చేత సంతకం చేయించుకున్నా చట్టం ముందు అది 45 రోజులే. మా పీవోలో 90 అనే ఉంది. మూడు నెలలు నోరు మూసుకుని ఉన్నాను, సంతకం చేశాం కదా అని. అది నా మొదటి తప్పు.

గడువు దాటిన మర్నాటి నుంచి రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. రెపో రేటు వేరు, బ్యాంక్ రేటు వేరు, అది చూసుకోండి. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు బ్యాంక్ రేటు 6.75 శాతం. దానికి మూడు రెట్లంటే 20.25. లక్ష రూపాయలు ఏడాది ఆగితే వడ్డీ దాదాపు 22,240. 2025లో రేటు కొన్నిసార్లు తగ్గింది కాబట్టి ఏ నెలకి ఎంతో చూసి వెయ్యాలి. ప్రతి బిల్లుకీ విడిగా ఎక్సెల్‌లో ఒక వరస పెట్టండి: చలాన్ నంబరు, అందిన తేదీ, పదిహేనో రోజు, నలభై అయిదో రోజు, అసలు, ఈ రోజుకి వడ్డీ. పదకొండు బిల్లుల మొత్తం మీద ఒకేసారి వడ్డీ వేస్తే మొదటి విచారణలోనే అవతలి లాయరు దాన్ని పట్టుకుంటాడు.

ఉత్తరం

మా చివరి లోడు 2023 మార్చి 18న దిగింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "ఫైల్ పైన ఉందమ్మా" అనేవారు. ఇక ఊరుకోలేక మే నెలాఖరున గట్టిగా ఒక మెయిల్ పెట్టాను. జూన్ 6న వాళ్ల పర్చేజ్ వాళ్ల నుంచి జవాబు వచ్చింది: పెట్టెలకి బర్స్టింగ్ స్ట్రెంగ్త్ రాలేదు, డెబిట్ నోట్ వేస్తాం (అంటే బిల్లులో కోత) అని. చివరి లోడు దిగి అప్పటికి 80 రోజులు. ఆ పెట్టెల్లో మందులు ప్యాకై ఎప్పుడో వెళ్లిపోయాయి. ఆ మెయిల్ చదివి మా ఆయన ఆ రోజు అన్నం తినలేదు. ముప్పై ఏళ్లుగా పెట్టెలు చేస్తున్న మనిషి. డబ్బు ఆలస్యం కంటే ఆ మాట ఆయనకి ఎక్కువ తగిలింది.

ఇలాంటి మెయిల్ వస్తే ఆ రోజే జవాబు రాయండి. కోపం వద్దు, తేదీలు చాలు. నేను రాసింది సుమారుగా ఇది:

"మీ పీవో ప్రకారం అందజేసిన సరుకు వివరాలు, మీ ముద్రలున్న చలాన్ల ప్రతులు జతచేస్తున్నాం. సరుకు అందిన 15 రోజుల్లో మీ నుంచి రాతపూర్వకంగా ఏ అభ్యంతరమూ రాలేదు. ఎంఎస్‌ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం చెల్లింపు గడువు ముగిసింది. అసలు ఇంత, 16వ సెక్షన్ ప్రకారం ఈ రోజు వరకు వడ్డీ ఇంత. 15 రోజుల్లో చెల్లించగలరు. లేనిపక్షంలో 18వ సెక్షన్ కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ని ఆశ్రయిస్తాం."

ఫెసిలిటేషన్ కౌన్సిల్ అంటే ఇలాంటి బకాయిలు తేల్చడానికి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన మండలి. మెయిల్ ఒక్కటే చాలదు. స్పీడ్ పోస్టులో వాళ్ల రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకి పంపి రసీదు దాచండి. ఒక ప్రతి వాళ్ల ఫైనాన్స్ విభాగానికి కూడా పంపండి. పర్చేజ్ వాళ్లు ఊరుకున్నా ఫైనాన్స్ వాళ్లు ఊరుకోలేని కారణాలు రెండు ఉన్నాయి. ఒకటి, 2023 ఫైనాన్స్ చట్టం 1961 ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బి(హెచ్): గడువులో మనకి ఇవ్వని డబ్బుని వాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, ఇచ్చిన ఏడాదే చూపించుకోవాలి. ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. రెండు, జీఎస్టీ: ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో మనకి డబ్బు ఇవ్వకపోతే, మన బిల్లులోని పన్నుకి వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ని వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఈ రెండు మాటలు ఉత్తరంలో మర్యాదగా రాస్తే చాలా బిల్లులు అక్కడికక్కడే కదులుతాయి. ఈ కేసు తర్వాత వేరేవాళ్ల దగ్గర నాకు అలా నాలుగు బిల్లులు వచ్చాయి.

దీనికి వికటించిన అనుభవం కూడా ఉంది. 43బి(హెచ్) వచ్చాక ఒక కొనుగోలుదారు "ఉద్యమ్ రద్దు చేసుకోండి, అప్పుడే ఆర్డర్ ఇస్తాం" అన్నారు. ఒప్పుకోలేదు. ఆ ఆర్డర్ పోయింది. నెలకి నలభై వేల పని. బాధగా ఉన్నా, నంబరు వదులుకుంటే మిగతా అందరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుందని అనిపించింది.

కౌన్సిల్

ఉత్తరానికి జవాబు రాలేదు. సెప్టెంబర్‌లో సమాధాన్ పోర్టల్‌లో (కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టే చోటు) దరఖాస్తు పెట్టాను. ఆ పోర్టల్ 2017 అక్టోబర్‌లో మొదలైంది. 2025 జూన్ 27న దీని కోసమే ఓడీఆర్ (ఆన్‌లైన్ వివాద పరిష్కార) పోర్టల్ కూడా ప్రారంభించారు, కాబట్టి మీరు పెట్టే రోజున దరఖాస్తులు ఎందులో తీసుకుంటున్నారో ఎంఎస్‌ఎంఈ శాఖ సైట్‌లో చూసుకోండి, లేదా జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. పీవోలు, ఇన్‌వాయిస్‌లు, చలాన్లు, ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకి జీఎస్టీ పోర్టల్‌లో తీసే కాగితాలు), ఉత్తరం, పోస్టు రసీదు, వడ్డీ లెక్క: అన్నీ ఒక బిల్లు తర్వాత ఒకటి వరసగా స్కాన్ చేసి పేజీ నంబర్లు వేయండి. సభ్యులకి ఒక్కో రోజు ఎన్నో కేసులుంటాయి. మన కాగితం వెతుక్కోవాల్సిన పని పెట్టకూడదు.

ఈ చట్టంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే మాట 18వ సెక్షన్‌లో ఉంది. కొన్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా, సరుకు ఇచ్చినవాళ్ల ఊరి కౌన్సిలే విచారించవచ్చు. పీవో వెనక చిన్న అక్షరాల్లో "వివాదాలన్నీ ముంబై కోర్టు పరిధిలోనే" అని రాసినా సరే. ఒక లక్ష బిల్లు కోసం ముంబైకి పది వాయిదాలు తిరగాలంటే ఎవరైనా ఆ లక్షే వదిలేసుకుంటారు.

కౌన్సిల్ మొదట రాజీకి కూర్చోబెడుతుంది. కుదరకపోతే ఆర్బిట్రేషన్ (ఇద్దరి వాదనా విని తీర్పు ఇవ్వడం), అది తనే చేస్తుంది లేదా వేరే సంస్థకి పంపుతుంది. చట్టం 90 రోజుల్లో తేల్చమంటుంది. నాకు దరఖాస్తు నుంచి పదిహేను నెలలు పట్టింది. ముందే మనసులో ఏడాది అనుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అవతలివాళ్లు రాజీకి రాకపోతే కౌన్సిల్ నేరుగా "డబ్బు కట్టండి" అని ఆర్డర్ ఇచ్చేస్తే సంతోషపడకండి. రాజీ విఫలమయ్యాక ఆర్బిట్రేషన్ జరపకుండా ఇచ్చిన ఆర్డర్ చెల్లదని 2021లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. కాబట్టి రాజీ ముగిసింది, ఆర్బిట్రేషన్ మొదలైంది అని ఆ రోజు రికార్డులో రాయించండి. అవార్డు (ఆర్బిట్రేషన్ తీర్పు) సరిగ్గా వస్తే మన బలం చాలా ఎక్కువ. దాన్ని కొట్టేయమని వాళ్లు కోర్టుకి వెళ్లాలంటే ముందు ఆ మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి.

మా విచారణలో వాళ్లు బర్స్టింగ్ మాటే ఎత్తారు. తొమ్మిది చలాన్లూ వరసగా పెట్టి, ఒక్కో ముద్ర తేదీ, పక్కన పదిహేనో రోజు తేదీ చదివాను. నాలుగోది చదువుతుండగానే చైర్మన్ గారు చాలన్నారు. మిగిలిన రెండిటికి మాత్రం సరుకే అందలేదన్నారు వాళ్లు. ఈ-వే బిల్లులో లారీ నంబరు ఉంది గానీ అది సరుకు బయల్దేరిందని చెప్తుంది, దిగిందని చెప్పదు. అప్పుడు మా సీఏ గారు ముందే చెప్పిపెట్టిన ప్రశ్న అడిగాను: "సరుకు రాకపోతే ఈ రెండు ఇన్‌వాయిస్‌ల మీద జీఎస్టీ క్రెడిట్ తీసుకున్నారా, లేదా? తీసుకోలేదంటే మీ రిటర్నులు చూపించండి." వాళ్ల మనిషి ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాడు. సరుకు అందకుండా క్రెడిట్ తీసుకోకూడదు కదా. తర్వాతి వాయిదాకి రాజీ ప్రతిపాదనతో వచ్చారు.

అప్పటికి వడ్డీ రెండున్నర లక్షల దాకా అయింది. అసలు మొత్తం, వడ్డీ కింద 1,10,000, మూడు వాయిదాల్లో ఇస్తామన్నారు. పూర్తి వడ్డీకి పట్టుబట్టాలా అని రెండు రోజులు ఆలోచించాం. అవార్డు, దాని మీద కోర్టు, తర్వాత అమలు, ఇంకో రెండేళ్లు. మిల్లుకి కట్టాల్సింది ఎదురుగా ఉంది. ఒప్పుకున్నాం. కానీ ఒక షరతు రాయించాను: ఏ ఒక్క వాయిదా తప్పినా పూర్తి వడ్డీ తిరిగి వర్తిస్తుందని. మీరు రాజీ పడితే ఆ వాక్యం లేకుండా సంతకం చేయకండి.

ఈ చట్టం వర్తించనివాళ్లకి

వ్యాపారులు, ముందుగా నమోదు కానివాళ్లు కమర్షియల్ కోర్టుకి వెళ్లొచ్చు. 2015 చట్టం కోటి రూపాయల పైన కేసులకే పెట్టింది, 2018లో దాన్ని మూడు లక్షలకి దించారు. అత్యవసర ఆదేశం అడగకపోతే దావాకి ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర మీడియేషన్ తప్పనిసరి. ఆ దశ దాటేసి వేసిన దావా నిలవదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. చెక్కు ఇచ్చి బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అందుకున్నాక వాళ్లకి 15 రోజులు, అది దాటాక నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఇందులో ఒక్క రోజు కూడా జారనివ్వకండి. దివాలా చట్టం కింద నోటీసు ఇద్దామని కొందరు సలహా ఇస్తారు. 2020 మార్చి నుంచి దానికి కనీస బకాయి కోటి రూపాయలు. మనలాంటివాళ్లకి అది అందదు.

ఎవరికైనా సరే, మూడేళ్ల కాలపరిమితి ఒకటి ఉంది. మొహమాటపడి, పండగ తర్వాత అడుగుదాంలే, ఆడిట్ అయ్యాక అడుగుదాంలే అని వదిలేస్తే బాకీ ఉన్నా దావా వేసే హక్కు పోతుంది. దానికి నేను చేసేది ఇది. ప్రతి ఏడాదీ మార్చి 31 లెక్కతో ఒక్కో పార్టీకి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ ఉత్తరం పంపిస్తాను: మా పుస్తకాల ప్రకారం మీరు ఇవ్వాల్సింది ఇంత, సరిచూసి సంతకం, ముద్ర వేసి పంపగలరు అని. గడువులోపు వాళ్లు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే మూడేళ్లు మళ్లీ ఆ రోజు నుంచి మొదలవుతాయి. ఆడిట్ కోసమని అడిగితే ఎవరూ కాదనరు.

రాత్రి లోడు వెళ్లినప్పుడు మా డ్రైవరు ఇప్పుడు గేటు దగ్గర నుంచే చలాన్ ఫోటో తీసి నాకు పంపుతాడు. ముద్ర తేదీ స్పష్టంగా కనిపిస్తే "సరే, బయల్దేరు" అని రాస్తాను. కనిపించకపోతే అక్కడే ఆగుతాడు. పోయిన వారం పటాన్‌చెరులో రాత్రి పదకొండున్నర దాకా ఆగాడు. భోజనం డబ్బులు విడిగా ఇచ్చాను.